బుసకొట్టే పెట్టె

ఆగస్టు 12, సోమవారం

పొద్దున మబ్బు పట్టింది. కాసేపటికి గాలి లేచి చెదిరిపోయింది. మా వైపు ఇది వాన పడే నెల కాదు. ఎండిన నదిలో ఇసుక తవ్వి, వాన నీళ్ళు ఆపే అడ్డుగోడకు పునాది తీయడం పోయిన వారంతో అయిపోయింది. ఇవాళ్టి నుంచి రాళ్ళు. కొండ వాలు నుంచి నది నడుమ దాకా వరుసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ దింపుతున్నాం. అక్టోబరు చివర వానలు వచ్చేలోగా గోడ లేవాలి. లేకపోతే మొదటి వరద పునాదిని ఎత్తుకుపోతుంది.

కిథేకా మామ ఎప్పటిలాగే ఒడ్డున బండ మీద కూర్చుని, గిటారును సౌండు పెట్టెకు తగిలించి వాయించాడు. ఆయన బొటనవేలు లావు తీగ మీద పడినప్పుడు రాయి చేయి మారాలి. గోడ మీద నుంచి స్యోంబువా అక్క చెయ్యెత్తితే మామ ఆపుతాడు. మామ ఆపితే వరుసంతా ఆగుతుంది. తలెత్తి చూసే పని ఎవరికీ లేదు. ఆయన వాయించిన రోజు ఆయన రాయి మోసినట్టే. మా అమ్మ గట్లు తవ్విన రోజుల నుంచీ ఇదే పద్ధతి.

వరుసలో నాది చివరి చోటు, గోడ పక్కన. నాకు రాయి అందించేది వయువా అత్త.

మధ్యాహ్నానికి పెట్టె నీరసపడింది. పాట పీలగా అయి, చివరికి ఆగిపోయింది. బ్యాటరీ పాతది. మోటారు సైకిల్లోంచి తీసిందే గదా. మిగతా పూట చప్పట్లు కొట్టుకుంటూ పని నడిపించాం. సగం కూడా సాగలేదు.

ఆగస్టు 14, బుధవారం

నిన్న రోజంతా బ్యాటరీని స్యోంబువా అక్క ఇంటి సోలార్ పలకకు తగిలించి పెట్టాను. ఇవాళ మధ్యాహ్నానికి మళ్ళీ అదే కథ. పోయినేడు గట్ల పనికి ఇదే బ్యాటరీ వారమంతా వచ్చేది.

వరుసలో కొత్త మాట ఒకటి మొదలైంది. పెట్టె బుస కొడుతోందట. టీ తాగేటప్పుడు వయువా అత్త మామను పట్టుకుంది. ఆవిడ చనిపోయిన మా అత్తకు చెల్లెలు. మామను ఏమన్నా చెల్లుతుంది.

"ఏం బావా, పెట్టెలో పామునేమన్నా పెట్టుకున్నావా? నువ్వు వాయించకపోయినా బుస కొడతానే ఉంది."

"పామా? నాకేం వినపళ్ళేదే."

"నీకెందుకు వినపడుద్ది. పాములోడికి పాముతో పేచీ ఏంది?"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు, అందరూ నవ్వాక.

బుస ఉన్న మాట నిజం. గట్టిగానే ఉంది. పొడి ఆకుల మీద గాలి ఆగకుండా వీచినట్టు.

ఆగస్టు 15

తప్పు బ్యాటరీదే. బలం లేని బ్యాటరీ పెడితే ఏ పెట్టె అయినా అరుస్తుంది.

ఆగస్టు 17, శనివారం

మార్కెట్‌కు వెళ్ళాను. కందులు అమ్మి, ఉప్పు, సబ్బు తెచ్చాను. బ్యాటరీని కిమాన్జికి చూపించాను. ఫోన్లు, రేడియోలు బాగుచేస్తాడు. నాతో బడికి వచ్చినవాడే.

మీటరు పెట్టి చూసి, "దీనికేం రోగం లేదు" అన్నాడు.

"మధ్యాహ్నానికి అయిపోతుంది."

"అయితే తింటున్నారు. సౌండు ఎంత పెడుతున్నారు?"

"మామూలుగానే."

"మామూలంటే ఎంత?"

"మామూలే. మామ ఎప్పుడూ ఎక్కువ పెట్టడు."

బుస సంగతి చెప్పాను. చర్చిలో కరెంటుకు పెట్టినప్పుడు గుయ్యిమనేది, బ్యాటరీకి మార్చాక అది పోయింది, మరి ఈ బుస ఎందుకు పోలేదని అడిగాను.

"గుయ్యిమనేది కరెంటుతో వచ్చిద్ది. కరెంటు తీస్తే అదీ పోద్ది. బుస పెట్టె లోపలిది. బ్యాటరీ పెట్టినా, సూర్యుణ్ణే తెచ్చి పెట్టినా పోదు. సౌండు పెంచే కొద్దీ అదీ పెరుగుద్ది. ట్రెబుల్ పెంచితే ఇంకా. తగ్గించండి, తగ్గుద్ది. నేను చేసేదేం లేదు."

వాడికి రేడియోలే బాగా తెలుసు. గిటారు పెట్టెలు వాడి దగ్గరికి ఎన్ని వస్తాయి?

ఆగస్టు 19, సోమవారం

గాలి ఎక్కువ. కళ్ళలో ఇసుక. రాళ్ళు బాగానే దిగాయి, మధ్యాహ్నం దాకా.

పెట్టె సర్దుతుంటే చూశాను. సౌండు నాబ్ చివరిదాకా తిరిగి ఉంది. సన్న స్వరాన్ని పెంచే ట్రెబుల్ నాబ్ కూడా. సంచిలో దేనికో ఒరుసుకుని తిరిగి ఉంటాయి. వెనక్కి సగానికి తిప్పి పెట్టాను.

పాత టార్చి సెల్లులు ఇంటి రేకు మీద ఎండబెట్టాను. ఎండ తగిలితే కొంచెం ప్రాణం పోసుకుంటాయి. బ్యాటరీ ఆగినప్పుడు ఓ గంటకైనా పనికొస్తాయి.

ఆగస్టు 21, బుధవారం

నాబ్‌లు మళ్ళీ చివరిదాకా ఉన్నాయి. సంచి మార్చాలి.

పని అయ్యాక స్యోంబువా అక్క నన్ను ఉండమంది. పని పెద్ద ఆవిడే. మాట సూటిగా ఉంటుంది.

"మీ మామ పెట్టె సంగతి చూడరా ములాండీ. ఆ బుసలో గోడ మీదోళ్ళ మాట కిందోళ్ళకు వినపట్టంలా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే సొద. తలకాయలు నొప్పులంటున్నారు. వచ్చే వారానికి బాగుపడకపోతే ఈల పెట్టుకుందాం."

"మరి మామ?"

"అందరితో పాటు రాయి అందుకుంటాడు. లేకపోతే ఇంటికాడ ఉంటాడు."

"ఆయన తుంటి..."

"ఆయన తుంటి సంగతి నాకు తెలవదా? గాడిద తన్నిన రోజు మోసుకెళ్ళింది మా ఆయనే. నేనేం చెయ్యను? వాయించనోడికి, మొయ్యనోడికి చోటు ఇస్తే రేపు అందరూ తుంటి పట్టుకుంటారు."

ఆవిడ చెప్పింది న్యాయమే. పని చేయని ఇంటికి ఒడ్డు మీద కూర మడి రాదు. మడి గురించి కాదు నా బాధ. ఆయన బండ మీద లేకుండా నది పని జరగడం నేను చూడలేదు. నాకు గిటారు పట్టుకోవడం వచ్చింది ఆ బండ మీదే. వాయించడం పోతే ఆయన ఈ ఊళ్ళో ఏం చేస్తాడు? కిబ్వెజి పట్నంలో ఉన్న ఆయన కూతురు కవిన్యా రెండేళ్ళుగా వచ్చి ఉండమంటోంది. నది పనికి ఎవరు వాయిస్తారని ఆయన ఒకటే సమాధానం చెబుతున్నాడు.

వారం గడువు ఉంది. బుస తీసేస్తే చాలు.

ఆగస్టు 22, గురువారం

మా ఆవిడ కలుందే గిన్నెలు కడుగుతూ అంది: "మీ మామకు చెవులు పోతున్నాయి."

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? నిన్న వెనకాల నడుస్తా ఎన్నిసార్లు పిలిచానో. తిరగలా."

"ఏదో ఆలోచనలో ఉండి ఉంటాడు."

"ఉగాలి ముద్ద తినడానికి రమ్మని పిలిస్తే ఆలోచన చేసే మొగోణ్ణి నేనింతవరకు చూళ్ళా."

నేను ఒప్పుకోలేదు. ఆయన చెవి ఎలాంటిదో ఈమెకేం తెలుసు? మొన్న చర్చిలో నా సన్న తీగ శ్రుతి కాస్త దిగితే, ఎదురుగా కూర్చుని కనుబొమ్మతో చెప్పాడు. మొన్న కాదు, ఈస్టరుకు. పోయినేడు ఈస్టరు.

ఆగస్టు 24, శనివారం

పక్క ఊళ్ళో పెళ్ళి. ఇద్దరం వెళ్ళాం. రెండు గిటార్లూ ఒకే పెట్టెకు తగిలించి వాయించాం. పాటలో ఆయన ముందుంటే నేను వెనక నడిచాను, ఎప్పటిలాగే. ఆయన చేయి ఇంకా నీళ్ళలాగే పారుతుంది. కొత్త దంపతుల ముందు ఆడవాళ్ళు చాలాసేపు ఆడారు.

ఇప్పుడు కొత్తగా దవడను గిటారు భుజానికి ఆనించి వాయిస్తున్నాడు. అలసట కాబోలు.

పాస్టర్ ప్రార్థనకు లేచి కళ్ళు మూసుకున్నాడు. నేను ఆపాను. మామ ఆపలేదు. మోకాలు తట్టాను. అప్పుడు చుట్టూ చూసి ఆపాడు. పాట మీద ఉన్నప్పుడు ఆయనకు లోకం తెలియదు. వాయించడం ఆపాక ప్రార్థన అయ్యేదాకా బుస ఒక్కటే వినబడింది. పెళ్ళికూతురు తల్లి మా వైపు రెండుసార్లు చూసింది.

దారిలో అడిగాను. "సౌండు కాస్త తగ్గిద్దామా మామా?"

ఆయన నడక ఆపి నా వైపు తిరిగి, "ఏంది?" అన్నాడు. మళ్ళీ అడిగాను.

"ఉన్నకాడికి ఉండనీరా అల్లుడా. ఇప్పటికే తీగలు దుప్పటి కప్పుకుని పడుకున్నట్టున్నాయి. కొత్తవి వెయ్యాలి."

తీగలు పోయిన నెల వేసినవే.

ఆగస్టు 25

ఆదివారం. చర్చి. ఇంకేం లేదు.

ఆగస్టు 27, మంగళవారం

బ్యాటరీ ఛార్జింగుకని చెప్పి పెట్టెను కూడా తీసుకెళ్ళాను. కిమాన్జి వెనక పలక విప్పాడు. లోపల సాలెగూడు, మట్టి. బ్రష్షుతో దులిపాడు. బుస కొంచెం కూడా తగ్గలేదు.

ఏదో ఒకటి చెయ్యమన్నాను. చివరికి బుసను అణిచే చిన్న కండెన్సర్ ఒకటి లోపల టంకం పెట్టాడు. సౌండు నాబ్ ఎంత తిప్పినా సగం దాటి పెరగకుండా ఇంకోటేదో అతికించాడు. ఆన్ చేశాం. నేను ఆన్ కాలేదనుకున్నాను. అంత నిశ్శబ్దం.

"ఇప్పుడు బ్యాటరీ కూడా వారమొస్తది" అన్నాడు. "కానీ ఒకటి. బుస ఒక్కటే పోదు. తీగ మొన కూడా దాంతోపాటే పోద్ది. గొంతు మొద్దుబారుద్ది. వినేవాళ్ళకు పెద్దగా తెలవదులే. వాయించేవాడికి తెలుస్తది."

"పర్లేదు."

"మీ మామకు చెప్పావా?"

"చెప్తాను."

వెనక పలక మరమేకు ఒకటి ఎక్కడో దొర్లిపోయింది. కొత్తది వేశాడు.

మామ అప్పటికి మేకలను తోలుకొచ్చి కట్టేస్తున్నాడు. చీకటి పడబోతోంది. రేపు చెప్పొచ్చని పెట్టెను ఆయన ఇంట్లో పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 28, బుధవారం

వయువా అత్త కాలి మీద రాయి పడింది. రెండు వేళ్ళు విరిగాయి. మోటారు సైకిల్ మీద డిస్పెన్సరీకి తీసుకెళ్ళారు. కట్టు కట్టి పంపారు.

ఆగస్టు 29

పని లేని రోజు. గాలి. మేకలను నేనే తోలుకెళ్ళాను.

నిన్నటిది రాయాలి. పొద్దున అంతా బాగుంది. బుస లేదని వరుసలో అందరూ అన్నారు. వయువా అత్త, "ఏం బావా, పాము చచ్చిందా?" అని కేక పెట్టింది. మామ పలకలేదు. ఆయన నాబ్ తిప్పుతున్నాడు, ఇటు తిప్పి, అటు తిప్పి. వాయించాడు, ఆపాడు. తీగలు బిగించాడు. గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి బండ మీద పక్కకు జరిగి, పెట్టె మీదికి వంగి, చెవి దాని దగ్గర పెట్టి వాయించాడు. అలా వంగితే గోడ ఆయన వీపు వెనక్కి వచ్చింది.

గోడ మీద సున్నపు ముద్ద అయిపోయి స్యోంబువా అక్క చెయ్యెత్తింది. నా చేతిలో రాయి ఉంది. గోడ మీద అందుకునేవాడు అందుకోలేదు. గిటారు ఆగలేదు. నేను అరవొచ్చు. గిటారు ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని చూశాను. అత్త తలెత్తకుండా తర్వాతి రాయిని లావు తీగ దెబ్బకు సరిగ్గా నా చేతుల వైపు వదిలింది. నా చేతులు ఖాళీగా లేవు.

ఆవిడ అరిచినప్పుడు వరుసంతా ఆగింది. మామ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. నేనే వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యేశాను.

ఆగస్టు 30, శుక్రవారం

పని మొదలుకాక ముందు కూర్చున్నాం. ఎవరూ గొంతు పెంచలేదు.

మా దగ్గర పనిలో దెబ్బ తగిలిన మనిషి చోటు ఖాళీగా ఉండకూడదు. ఎవరి వల్ల దెబ్బ తగిలిందో వాళ్ళు ఆ చోట నిలబడాలి, ఆ మనిషి తిరిగి వచ్చేదాకా. ఆ పని దెబ్బ తగిలిన మనిషి పేరు మీదే పడుతుంది.

స్యోంబువా అక్క ఎవరి పేరూ ఎత్తలేదు. "వయువా చోటు ఖాళీగా ఉంది" అంది, అంతే.

మామ ఆవిడ నోటికేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచాడు. "నేను నిలబడతా" అన్నాడు.

"నీ తుంటితోనా?" అని ఎవరో అన్నారు.

"తుంటితో కాదు, చేతుల్తో అందుకుంటా."

కొందరు నవ్వారు. నేను లేవాల్సింది. పెట్టె సంగతి ఆ క్షణం చెప్పాల్సింది. లేవలేదు. అందరూ ఆయన వైపు చూస్తున్నారు. మధ్యలో మాట్లాడటం బాగుండదనిపించింది.

"మరి వాయించేది?" అన్నారు. స్యోంబువా అక్క నన్ను చూసింది.

సెప్టెంబరు 1, ఆదివారం

కలుందే ఉడకబెట్టిన జొన్నలు, అలసందలు గిన్నెలో పెట్టి ఇచ్చింది. వయువా అత్తకు ఇచ్చి వచ్చాను. గడప దగ్గర కాలు చాపుకుని పెసలు ఏరుతోంది.

"ఎట్టుంది అత్తా?"

"రెండు వేళ్ళే గదా. ఇంకా ఎనిమిదున్నయ్. మీ మామ ఎట్టున్నాడు?"

"బాగానే ఉన్నాడు."

"రెండు రోజుల్నుంచి ఇటు తొంగి చూళ్ళా. నా కాలు తినడానికి రావట్లేదని చెప్పు, భయపడొద్దని."

ఇక్కడ చెప్పొచ్చనుకున్నాను. పొరుగావిడ నీళ్ళకు వచ్చింది.

కలుందే అడిగింది. "చెప్పావా?" పెట్టె మార్పించిన సంగతి ఆమెకు నేను చెప్పలేదు. బ్యాటరీ ఛార్జింగుకు పెట్టె ఎందుకని ఆ రోజే అడిగింది.

సెప్టెంబరు 2, సోమవారం

మామ వయువా అత్త చోట నిలబడ్డాడు. నేను బండ మీద కూర్చున్నాను. వాయించాను. నా పాత చోట ఇంకొకరు నిలబడ్డారు.

ఆయన రాయి అందుకోవడం చూశాను. తీగ దెబ్బ కోసం వినడు. పై మనిషి మోచేయి కదలగానే తన చెయ్యి చాపుతాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. ప్రతి రాయికీ కుడి కాలు మీద బరువు పడకుండా నడుము తిప్పుతాడు. మధ్యాహ్నం తింటున్నప్పుడు నిలబడే తిన్నాడు. కూర్చుంటే లేవడం కష్టం కాబోలు.

సెప్టెంబరు 4

అలాగే.

సెప్టెంబరు 6

అలాగే. పెట్టె బాగా పనిచేస్తోంది. బ్యాటరీ సోమవారం నుంచి ఛార్జింగు లేకుండా వస్తోంది.

సెప్టెంబరు 8, ఆదివారం

చర్చి తర్వాత నీళ్ళకని మామ, నేను నదికి వెళ్ళాం. ఇసుకలో తవ్విన మా నీళ్ళ గుంట లోతైంది. నేను దిగి చిప్పతో తోడుతున్నాను, ఆయన పైనుంచి డబ్బాలు అందిస్తున్నాడు. గాడిద నీడలో నిలబడింది. ఎండ బాగా ఉంది.

పైకి చూసి చెప్పాను. పెట్టెను కిమాన్జి దగ్గర విప్పించాను, బుస తీయించాను, సౌండు తగ్గేలా చేయించాను, నీకు చెప్పలేదు అన్నాను. ఒక్కొక్క మాటా పూర్తయ్యేదాకా ఆయన నా నోటికేసి చూస్తూనే ఉన్నాడు. ఎన్నాళ్ళుగా మా అందరి నోళ్ళూ అలా చూస్తున్నాడో నాకు తెలియదు.

"తెలుసు" అన్నాడు. "వెనక మర ఒకటి కొత్తది."

"ఎప్పుడు చూశావు?"

"ఆ రోజు పొద్దున్నే. పెట్టె పలకట్లా, బ్యాటరీ చూద్దామని తిప్పా."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్తావని చూశా."

ఆయన డబ్బా అందించాడు. నింపి ఇచ్చాను. మళ్ళీ ఆయనే మాట్లాడాడు.

"ముందు పక్షులు పోయినయ్ రా. పోయినేడు చలికాలం. ఈసారి రాలేదేమో అనుకున్నా. ఆ తర్వాత సన్న తీగ. తీగలు మంచివి కావనుకున్నా, మార్చా. మళ్ళీ మార్చా. సౌండు పెంచితే కొంచెం వచ్చేది. నువ్వు బ్యాటరీలు మారుస్తా కూచున్నావు, నేను తీగలు మారుస్తా కూచున్నా."

"చెప్పొచ్చు గదా మామా."

"చెప్తే వాయించనిస్తారా?"

నేను చిప్పను మళ్ళీ నీళ్ళలో ముంచాను.

"చెవితో పని లేదురా నది పనికి. అక్క చెయ్యి కనపడాల. కొంచెం వినపడితే చెయ్యి చూస్తా వాయిస్తా, ఎంతకాలమైనా. ఆ రోజు అసలేం రాలా. పెట్టె చచ్చిందనుకుని దానికేసి తిరిగా. తిరక్కుండా ఉండాల్సింది. అది నా తప్పు. నువ్వు చెప్పకుండా పెట్టె నోరు మూసినావు. అది నీ తప్పు. రెండిటినీ కలిపి ముద్ద చెయ్యొద్దు. వయువా చోట నేను నిలబడ్డా. నీదేదో నువ్వు చూసుకో."

కిమాన్జితో అది తీయించేస్తానన్నాను. మళ్ళీ బండ మీద కూర్చోమన్నాను.

"ఎందుకు? వరుసకు ఇదే హాయిగా ఉంది. తలకాయ నొప్పి అన్న మనిషి లేడు. నీ చేతికి సరిపోద్ది ఆ గొంతు. నాకు ఈ దవడ చెక్కకు ఆనిస్తే లావు తీగ వస్తది. ఇంటికాడ కూచోడానికి అది చాలు."

గాడిద మీద డబ్బాలు కట్టేటప్పుడు ముడి ఆయనే వేశాడు. నా ముడి మీద ఆయనకు ఎప్పుడూ నమ్మకం లేదు.

సెప్టెంబరు 9, సోమవారం

పని మొదలుకాక ముందు లేచి చెప్పాను. పెట్టె మార్పించింది నేనని, మామకు చెప్పలేదని, ఆ రోజు అక్క చెయ్యి నేను చూసి కూడా అరవలేదని.

"ఇప్పుడా చెప్పేది?" అంది స్యోంబువా అక్క. "నిలబడాల్సింది నువ్వు గదా."

"ఇప్పుడు నిలబడతాను."

మామ వరుసలోంచి కదల్లేదు. "నేను మాట ఇచ్చి నిలబడ్డా. వయువా వచ్చేదాకా ఈ చోటు నాది" అన్నాడు. "వాడితో వేరే పని చేయించుకోండి."

పని లేని రోజుల్లో గోడకు ఇసుక జల్లించే పని నాకు వేశారు. వానల దాకా.

సాయంత్రం వయువా అత్తకు కూడా చెప్పాను. ఆవిడ పెసలు ఏరడం ఆపలేదు.

"అయితే మీ ఇద్దరూ కలిసి నా కాలు మీద వాయించారన్నమాట" అంది. కాసేపయ్యాక, "టీ తాగి పో" అంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

ఎండ ముదురుతోంది. గోడ తొడ ఎత్తు వచ్చింది. మామకు సాయంత్రానికి నడక రావడం లేదు. గాడిద మీద కూర్చోమంటే వినడు. కలుందే వేడినీళ్ళ గుడ్డ వేసింది.

బండ మీద నేను ఒక తప్పు చేస్తున్నానట. తీగలు చూస్తున్నానట. "చేతికి తెలుసు, వదిలెయ్. నువ్వు అక్క చెయ్యి చూడు. రెప్ప కూడా ఆమె వేసినప్పుడే వెయ్యి" అన్నాడు. ప్రయత్నించాను. మెడ నొప్పి పుట్టింది. ముప్పై ఏళ్ళు ఆయన అలా చూశాడు.

సెప్టెంబరు 17

కవిన్యా ఫోన్ చేసింది. నాన్నకు ఇమ్మంది. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఆ, ఆ" అని నాకే ఇచ్చేశాడు. కిబ్వెజి రమ్మంటోందని పేపరు మీద రాసి చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వెళ్ళడు. గోడ పూర్తికాకుండా ఎక్కడికి వెళ్తాడు?

సెప్టెంబరు 20, శుక్రవారం

వేడి. ఇసుక మీద చెప్పులు లేకుండా నిలబడలేం. వయువా అత్త కర్ర పట్టుకుని చూడటానికి వచ్చింది. మామ నిలబడ్డ చోటికి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటే చెప్పింది.

"నా చోటు పాడు చెయ్యట్లేదు గదా బావా?"

"నీకంటే బాగానే అందిస్తున్నా. నీ లాగ వాగను గదా."

"వాగేవాళ్ళు లేక వరుసంతా చచ్చినట్టుంది. వచ్చే వారం వస్తా. ఖాళీ చేసి పెట్టు."

ఆయన నవ్వాడు. ఈసారి అందరికంటే ముందే నవ్వాడు.

సెప్టెంబరు 22, ఆదివారం

మామ తన మేకలను కలుందేకు లెక్క అప్పజెప్పాడు. ఏది ఎప్పుడు ఈనుతుందో చెప్పాడు. తుంటి నొప్పిగా ఉంది కాబట్టి కొన్నాళ్ళు చూసుకోమంటున్నాడని నేను అన్నాను. కలుందే నా వైపు చూసి, మేకలను మళ్ళీ లెక్కపెట్టుకుంది.

సెప్టెంబరు 25, బుధవారం

గాలి లేదు. దూరంగా కొండల మీద మొదటిసారి నల్ల మబ్బు కనిపించింది, వాన కాదు. వయువా అత్త వరుసలోకి వచ్చింది. మామ ఆ చోటు నుంచి పక్కకు జరిగి, ఆవిడ మొదటి రాయి అందుకునేదాకా ఉన్నాడు. తర్వాత ఇంటికి వెళ్ళిపోయాడు. నేను వాయిస్తున్నాను కాబట్టి లేవలేకపోయాను. తలెత్తి చూడలేదు కూడా. అక్క చెయ్యి చూస్తున్నాను.

సెప్టెంబరు 26

కవిన్యా సాయంత్రం బస్సుకు వచ్చింది. పొట్టు తీసిన మొక్కజొన్నతో ముథొకోయ్ వండారు. అందరం కలిసి తిన్నాం. మామ పెద్దగా మాట్లాడలేదు. మేం మాట్లాడుతుంటే ఒక్కొక్కరి ముఖం చూస్తూ కూర్చున్నాడు.

సెప్టెంబరు 27, శుక్రవారం

పొద్దున్నే ఎండ. గోడ నడుము దాటింది. ఇవాళ పని ఎనిమిదికి మొదలైంది. మామ, కవిన్యా ఆరున్నర మతాటు వ్యానుకు కిబ్వెజి వెళ్ళిపోయారు.